గీత ఎవరు దాటితే తప్పు?

మా చిన్నాయన అనంతపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తరిమెల నాగిరెడ్డి ఉపన్యాసాలు విని పెరిగిన తరం. మా అక్క కొరియా భాష నేర్చుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల దిగిన కొరియా వాళ్ళకు దుబాసీగా పనిచేస్తోంది. వీళ్ళిద్దరూ ఒకచోట కూర్చుంటే మాట 1950 నాటి కొరియా యుద్ధం మీదికి పోకుండా ఉండదు. ఆయన లెక్కలో అది విప్లవం, అమెరికా వచ్చి అడ్డంపడింది. ఆమె లెక్కలో అది దండయాత్ర, అమెరికా వచ్చి ఆపింది. ఈ మధ్య ఒక ఆదివారం జరిగిన వాదన ఇది. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకున్నవి తీసేశాను. నేను కలగజేసుకున్న చోట్ల నా మాట బ్రాకెట్లలో ఉంటుంది.

చిన్నాయన: ముందు గీత సంగతి తేల్చు పాపా. 1945 ఆగస్టు 10 అర్ధరాత్రి వాషింగ్టన్‌లో ఇద్దరు కల్నళ్ళు, డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్, నేషనల్ జియోగ్రాఫిక్ పటం ఒకటి ముందరేసుకుని అరగంటలో 38వ అక్షాంశాన్ని హద్దు చేసినారు. కొరియా సంగతులు తెలిసినోళ్ళు కారు ఇద్దరూ. సియోల్ తమ పక్క పడాల, అదొక్కటే చూసుకున్నారు. వెయ్యేళ్ళుగా ఒక్కటిగా ఉన్న దేశం. ముప్పై ఐదేళ్ళు జపాన్ కింద నలిగింది. యుద్ధంలో ఓడింది జపాన్, చీల్చింది కొరియాను!

అక్క: గీసింది అమెరికా, సరే. ఒప్పుకుంది ఎవరు? అప్పటికే సోవియట్ సైన్యం కొరియాలో దిగిపోయింది. అమెరికా వాళ్ళు సెప్టెంబర్ 8 దాకా ఇంచాన్ రేవు ముఖమే చూడలేదు. స్టాలిన్ తలుచుకుంటే పుసాన్ దాకా పోయుండొచ్చు. పోలేదు, గీతకు మారుమాట చెప్పలేదు. కొరియా వాళ్ళను అడగకుండా కొరియాను పంచుకున్న పాపంలో ఇద్దరికీ సమాన వాటా ఉంది చిన్నాయనా.

చిన్నాయన: వాటా ఉంది. తర్వాత ఎవరేం చేసినారో కూడా చూడల్ల కదా. జపాన్ చేతులెత్తేసినాక ఊరూరా ప్రజా కమిటీలు పుట్టినాయి. ధాన్యం లెక్క, ఊరి కాపలా, బడి, అన్నీ అవే చూసుకున్నాయి. యో ఉన్ హ్యోంగ్ సియోల్‌లో వాటన్నిటినీ కూడగట్టి ప్రజా గణతంత్రం ప్రకటించినాడు. సోవియట్ వాళ్ళు ఉత్తరాన ఆ కమిటీలను వాడుకున్నారు. దక్షిణాన అమెరికా జనరల్ హాడ్జ్ గుర్తించనే లేదు. గుర్తించకపోగా జపాన్ కొలువులో కొరియా వాళ్ళను బాదిన పోలీసులనే మళ్ళీ ఠాణాల్లో కూర్చోబెట్టినాడు. నిన్నటిదాకా జపాన్ లాఠీ పట్టినోడు ఈరోజు అమెరికా లాఠీ పట్టుకుని నీ ఇంటికొస్తే నువ్వు ఏమవుతావు?

అక్క: కమ్యూనిస్టునవుతాను, ఒప్పుకుంటా. అయితే ఉత్తరాన నీ కమిటీలు ఏమైనాయో కూడా చెప్పు. ప్యాంగ్యాంగ్‌లో కమిటీ పెద్ద చో మాన్ సిక్. గాంధీ మార్గం నమ్మినవాడు, స్వదేశీ వస్త్రం కట్టించినవాడు, జనం నెత్తిన పెట్టుకున్న మనిషి. పెద్ద దేశాల ధర్మకర్తృత్వం మాకొద్దన్నందుకు 1946 జనవరిలో సోవియట్ వాళ్ళు ఆయన్ను హోటల్లో నిర్బంధించారు. మళ్ళీ బయటి లోకం చూడలేదు. వాడుకున్నారంటున్నావే, సరిగ్గా చెప్పావు. వాడుకుని పారేశారు.

చిన్నాయన: దక్షిణాన యో ఉన్ హ్యోంగ్‌ను 1947 జులైలో సియోల్ వీధిలో కాల్చి చంపినారు. ఉత్తరం పోయి రాజీ మాట్లాడొచ్చిన కిమ్ గూను 1949 జూన్‌లో ఇంట్లోనే కాల్చినారు. కమ్యూనిస్టు కాదాయన, పచ్చి జాతీయవాది.

(రెండు పక్కలా మధ్యేమార్గం మనుషులే ముందు పోయారు. ఈ ముగ్గురి పేర్లూ మన దగ్గర ఎవరూ తలుచుకోరు. ఉత్తరాన గద్దెనెక్కిన కిమ్ ఇల్ సంగ్, దక్షిణాన గద్దెనెక్కిన సింగ్‌మన్ రీ పేర్లు మాత్రం అందరికీ తెలుసు.)

అక్క: ఇప్పుడు నువ్వు భూమి గురించి ఎత్తుతావు.

చిన్నాయన: ఎత్తకుంటే ఎట్ల? భూమి లేకుంటే విప్లవమెక్కడిది? జపాన్ కాలంలో కౌలుదారు పంటలో సగం, ఒక్కోచోట అంతకు మించి, భూస్వామికి కొలిచేటోడు. 1946 మార్చి 5న ఉత్తరాన చట్టమొచ్చింది. జపాన్ వాళ్ళ భూమి, ఊళ్ళో ఉండని ఆసాముల భూమి, ఐదు చోంగ్బోలకు, అంటే మన లెక్కలో పన్నెండెకరాలకు, మించి కౌలుకిచ్చిన భూమి, అంతా గుంజుకుని ఊరికే పంచినారు. పరిహారం లేదు, వాయిదాలు లేవు. నెల తిరక్కుండా పని అయిపోయింది. ఏడు లక్షల పైచిలుకు కుటుంబాలకు పట్టాలు. చైనాలో ఏండ్ల తరబడి నెత్తురు పారించిన పని, కొరియాలో ఆ నెత్తురు లేకుండానే జరిగింది. అదే ఏడు మన తెలంగాణాలో దొడ్డి కొమరయ్య చచ్చిపోయినాడు, భూమి అడిగినందుకు. ఆ పట్టా చేతికొచ్చిన రైతుకు కిమ్ ఇల్ సంగ్ సోవియట్ యూనిఫారంలో వచ్చినాడా, ఇంకో యూనిఫారంలో వచ్చినాడా అనేది లెక్కలోకి రాదు పాపా.

అక్క: నెత్తురు ఎందుకు పారలేదో తెలుసా? భూములు పోయినోళ్ళు గీత దాటి దక్షిణానికి పారిపోయే దారి ఉండింది కాబట్టి. లక్షల మంది వచ్చేశారు. వాళ్ళ కొడుకులు సియోల్‌లో వాయవ్య యువజన సంఘమని ఒకటి పెట్టుకున్నారు. కమ్యూనిస్టు అన్న పేరు వింటే ఒళ్ళు మండేవాళ్ళు. 1948 ఏప్రిల్ 3న జేజు దీవిలో తిరుగుబాటు లేస్తే ప్రభుత్వం పోలీసులతో పాటు వీళ్ళను అక్కడ వదిలింది. జీతం సరిగ్గా లేదు, దొరికింది తినండి అని. ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టారు. మూడు లక్షల మంది దీవిలో పదోవంతు చచ్చిపోయారు. నేను దక్షిణం పక్షాన మాట్లాడుతున్నానని జేజు దాచిపెడతానని అనుకోవద్దు. అయితే ప్యాంగ్యాంగ్‌లో పంచిన పట్టాకూ జేజులో కాలిన ఇంటికీ మధ్య దారం ఒకటి ఉంది. ఆ దారం నువ్వు చూడవు.

చిన్నాయన: చూస్తా. అయితే తగలబెట్టమని వదిలింది ఎవరు? రీ ప్రభుత్వం. ఆ ప్రభుత్వం ఇంకా పుట్టకముందు అక్కడ ఏలుబడి అమెరికా సైన్యానిది. 1948 ఏప్రిల్ అంటే అమెరికా వాళ్ళే కదా రాజులు?

అక్క: వాళ్ళే. అందుకే 2003లో అధ్యక్షుడు రో మూ హ్యున్ దీవికి పోయి తన దేశం తరఫున క్షమాపణ చెప్పినప్పుడు, మరి అమెరికా సంగతేమిటని అడిగినవాళ్ళున్నారు. అడిగే వీలున్న దేశమది. ఉత్తరాన అట్లాంటి క్షమాపణ ఒక్కటి చూపించు.

చిన్నాయన: అది తర్వాత. ముందు దేశాన్ని రెండు ప్రభుత్వాలుగా చేసిన ఎన్నిక సంగతి. అందులో మనవాడి చెయ్యి ఉంది. ఐక్యరాజ్యసమితి తాత్కాలిక సంఘానికి అధ్యక్షుడు కె.పి.ఎస్. మేనన్. సోవియట్ వాళ్ళు ఆ సంఘాన్ని ఉత్తరంలో కాలు పెట్టనీయలేదు. అప్పుడు దక్షిణంలో ఒక్కచోటే ఎన్నికలు పెడితే చీలిక శాశ్వతమైతుందని మేనన్‌కే తెలుసు. బహిరంగంగా అన్నాడు కూడా. చివరికి ఒప్పేసుకున్నాడు. మో యున్ సుక్ అనే కవయిత్రి, రీ మనిషి, ఆయన మనసు మార్చింది. ఉద్యోగ జీవితంలో బుద్ధిని పక్కనపెట్టి మనసు మాట విన్నది ఆ ఒక్కసారేనని తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. 1948 మే 10న ఎన్నిక. ఆగస్టులో రీ ప్రభుత్వం, సెప్టెంబర్‌లో కిమ్ ప్రభుత్వం.

అక్క: కెనడా, ఆస్ట్రేలియా ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటేశాయి. అమెరికా మిత్రదేశాలే వద్దన్నాయంటే నీ వాదనకు అంతకన్నా బలం లేదు, తీసుకో. ఇక అక్కడితో ఆపి 1950 జూన్ 25కు రా. ఆ రోజు తెల్లవారుజామున గీత దాటినవి ఏవి? ప్రజా కమిటీలా? టి-34 ట్యాంకులు. వాటి ముందర దక్షిణం దగ్గర ఒక్క ట్యాంకు లేదు. రీ ఉత్తరం మీద పడతానని ఊరికే బీరాలు పోతుండేవాడు కాబట్టి అమెరికా వాళ్ళు ఇవ్వలేదు. మూడు రోజుల్లో సియోల్ పోయింది.

చిన్నాయన: దక్షిణమే ముందు దాడి చేసిందని మా పార్టీ పుస్తకాలు ఏళ్ళ తరబడి చెప్పినాయి. నేను ఆ మాట ఎత్తట్లేదు చూడు. 1994లో యెల్‌త్సిన్ మాస్కో కాగితాలు కొరియా అధ్యక్షుని చేతిలో పెట్టినప్పుడే ఆ పద్దు చెల్లిపోయింది.

అక్క: ఆ కాగితాల్లో ఏముందో కూడా చెప్పు. 1950 ఏప్రిల్‌లో కిమ్ మాస్కో పోయి స్టాలిన్‌ను బతిమాలాడు. ఇరుక్కుంటే మా సైన్యం రాదు, మావోను అడుక్కో అన్నాడాయన. మేలో బీజింగ్ పోయాడు. యుద్ధ ప్రణాళిక రాసింది సోవియట్ సలహాదారులు. పరాయి దేశపు రాజధానిలో అనుమతి తీసుకుని, పరాయి సైన్యాధికారులు గీసిన పటం పట్టుకుని, పరాయి ట్యాంకులెక్కి వచ్చినవాడిది విప్లవమంటావా?

చిన్నాయన: అంటా. అనుమతి అడిగినోడు కొరియావాడు. దాటినోళ్ళు కొరియావాళ్ళు, చైనా అంతర్యుద్ధంలో మావో పక్కన పోరాడి తేలిన కొరియా పటాలాలు. వాళ్ళ ఊళ్ళు గీతకు అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి. వియత్నాంలో హో చి మిన్ చైనా ఫిరంగులు వాడలేదా? జార్జి వాషింగ్టన్ ఫ్రెంచి నౌకాదళాన్ని వాడలేదా? బయటి ఆయుధం పట్టినంత మాత్రాన పోరు బయటిదైపోదు. కొరియా వాళ్ళు కొరియాను కలపడానికి గీత దాటితే దాన్ని దురాక్రమణ అనడమే విడ్డూరం. అన్నదమ్ముల తగాదాలో ఒకడు గోడ దూకితే దొంగతనం కేసు పెడతామా?

అక్క: పాక్ హోన్ యోంగ్ గుర్తున్నాడా? దక్షిణాది కమ్యూనిస్టు నాయకుడు. మన సైన్యం గీత దాటితే చాలు, దక్షిణాన రెండు లక్షల మంది పార్టీ సభ్యులు లేస్తారని కిమ్‌కూ స్టాలిన్‌కూ మాటిచ్చాడు. జూన్ నెల పోయింది, జులై పోయింది, ఆగస్టు పోయింది. ఎవరూ లేవలేదు. విప్లవమైతే లేవాలి కదా? యుద్ధమయ్యాక ఆ పాక్‌నే అమెరికా గూఢచారి అని కిమ్ చంపించాడు.

చిన్నాయన: లేవడానికి మనుషులు మిగిలితే కదా! 1948 అక్టోబర్‌లో యోసు, సున్‌చాన్‌లో సైనికులే తిరగబడితే ఊచకోత కోసినారు. కొండల్లోని గెరిల్లాలను 1950 వసంతం నాటికి ఏరిపారేసినారు. మిగిలినోళ్ళ చేత తప్పయిందని రాయించుకుని బోడో లీగ్ అని ఒక పట్టీలోకి ఎక్కించినారు. ఆ పట్టీలో ఎరువు కోసం, బియ్యం కోసం పేరు రాయించుకున్న అమాయకులు ఎందరో. యుద్ధం మొదలైన వారాల్లోనే సైన్యం, పోలీసులు ఆ పట్టీ చూసుకుంటూ గనుల్లోకి, లోయల్లోకి తీసుకుపోయి కాల్చినారు. ఎంతమందో ఈరోజుకూ తేలలేదు. లక్ష దాకా అనేవాళ్ళున్నారు, ఇంకా ఎక్కువనే వాళ్ళున్నారు. దక్షిణ కొరియా సత్యశోధన సంఘమే తవ్వి తీసింది. చచ్చినోళ్ళు లేవలేదని లెక్కేసి విప్లవం లేదంటే ఎట్లమ్మా?

(అక్క కాసేపు మాట్లాడలేదు. తేజాన్ జైలులో సెప్టెంబర్‌లో ఉత్తరం సైన్యం వెనక్కి పోతూ చేసిన హత్యల సంగతి ఎత్తుతుందనుకున్నాను, ఎత్తలేదు. శవానికి శవం చూపించే వాదన ఇద్దరికీ నచ్చదు.)

అక్క: సరే, చచ్చినవాళ్ళను వదిలేద్దాం. బతికినవాళ్ళు ఎటు నడిచారో చూద్దాం. జూన్ 28 తెల్లవారకముందే సియోల్‌లో హాన్ నది వంతెన పేల్చేశారు, జనం దాని మీద నడుస్తుండగా. పేల్చింది దక్షిణం సైన్యమే. రీ అప్పటికే పారిపోయాడు. రేడియోలో మాత్రం భయంలేదు, ఊరు కదలొద్దని ఆయన గొంతే వస్తోంది. ఇంత దగాకోరు ప్రభుత్వమైనా, డిసెంబర్‌లో హుంగ్‌నామ్ రేవులో చూడు. ఉత్తరాది జనం లక్షకు దగ్గరగా మంచులో నిలబడి ఓడలెక్కారు. మెరిడిత్ విక్టరీ అనే ఒక్క సరుకు ఓడలో 14 వేల మంది. దారిలో ఐదు కాన్పులయ్యాయి. తర్వాత అధ్యక్షుడైన మూన్ జే ఇన్ అమ్మానాన్నలు అప్పుడు వచ్చినవాళ్ళే. పట్టాలు పొందిన నేల వదిలి ఎందుకొచ్చారు?

చిన్నాయన: ఎందుకంటే ట్రూమన్ నవంబర్ 30న విలేఖరుల ముందు అణుబాంబు ఊసెత్తినాడు. ఆకాశం నుంచి నిప్పు కురుస్తావుంటే జనం విమానాలు ఎవరివో వాళ్ళ పక్కకే పోతారు. అటు పోతే బాంబు పడదు కదా.

అక్క: అందరూ అందుకేనా?

చిన్నాయన: అందరూ కాదు. చర్చి వాళ్ళున్నారు, భూములు పోయినోళ్ళున్నారు, అమెరికా వాళ్ళు ఉన్న రెండు నెలల్లో వాళ్ళకు పనిచేసినోళ్ళున్నారు. నువ్వు చెప్పు, మనదేశం ఏం చేసింది ఆ జూన్‌లో?

అక్క: ఆ నెల భద్రతా సమితి అధ్యక్ష స్థానంలో ఉన్నది మన బెనెగళ్ రావే. సోవియట్ ప్రతినిధి అలిగి బయటున్నాడు. ఉత్తరం వెనక్కి పోవాలన్న జూన్ 25 తీర్మానానికి భారత్ ఓటేసింది. దక్షిణానికి సాయం చేయాలన్న రెండో తీర్మానానికి కొంత తటపటాయించి, తర్వాత ఒప్పుకుంది. సైన్యం మాత్రం పంపలేదు, వైద్య దళాన్ని పంపింది. దండయాత్రను దండయాత్ర అన్నాడు నెహ్రూ. నీకది మింగుడు పడదు.

చిన్నాయన: మింగుతా. అక్టోబర్‌లో నెహ్రూ ఏమన్నాడో నువ్వు మింగు. సెప్టెంబర్ 15న అమెరికా జనరల్ మెకార్థర్ ఇంచాన్‌లో దిగినాడు, నెలాఖరుకు ఉత్తరం సైన్యం చెల్లాచెదురు. గీత మళ్ళీ ఎక్కడిది అక్కడికొచ్చింది. సమితి చెప్పిన పని అయిపోయింది. అక్టోబర్ 3 మొదలైన అర్ధరాత్రి బీజింగ్‌లో చౌ ఎన్‌లై మన రాయబారి పణిక్కర్‌ను నిద్ర లేపి పిలిపించినాడు. దక్షిణ కొరియా వాళ్ళు దాటితే మాకు పట్టదు, అమెరికా సైన్యం గీత దాటితే మేం వస్తామని చెప్పినాడు. పణిక్కర్ ఢిల్లీకి, ఢిల్లీ వాషింగ్టన్‌కు చేరవేసినారు. ఏం చేసినారు వాషింగ్టన్‌లో? పణిక్కర్ చైనావాళ్ళ మనిషి, బెదిరింపు ఉత్తదే అన్నారు. అక్టోబర్ 7న కొరియాను కలపమని సమితిలో తీర్మానం. భారత్ దానికి ఓటెయ్యలేదు, తటస్థంగా ఉండిపోయింది. 15న వేక్ దీవిలో మెకార్థర్ ట్రూమన్‌కు భరోసా ఇచ్చినాడు, చైనా రాదని. 19న చైనా దళాలు యాలు నది దాటినాయి. యుద్ధం మొత్తం ముప్పై ఏడు నెలలైతే, మొదటి మూడు నెలలకే ముగిసిపోవలసింది. మిగతా ముప్పై నాలుగు నెలల నెత్తురు ఎవరి ఖాతాలో రాస్తావు?

అక్క: సగం నీకిచ్చేస్తా. గీత దాటడం తప్పు, పణిక్కర్ మాట వినకపోవడం మూర్ఖత్వం. ఇప్పుడు నీ గోడ దూకిన అన్నదమ్ముల దగ్గరికి రా చిన్నాయనా. గీత అసలు సరిహద్దే కాదు, కొరియా ఒకటే, కాబట్టి జూన్‌లో కిమ్ దాటితే దురాక్రమణ కాదన్నావు. అదే గీతను అక్టోబర్‌లో అటునుంచి దాటితే అది హద్దు ఎట్లయింది? లేని గీతను దాటినందుకు మెకార్థర్ మీద కేసు ఎట్ల పెడతావు? గీత ఉంటే ఇద్దరూ దోషులు, లేకుంటే ఇద్దరూ కారు.

(ఇక్కడ చిన్నాయన లేచి తలుపు వెయ్యబోయి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఆయన క్లాసులో కూడా ప్రశ్న గట్టిదైతే ఇట్లాగే నడిచేవారట.)

చిన్నాయన: దాటినోడు ఎవడనేది ఉంది. కొరియావాడు దాటడం వేరు, పదివేల కిలోమీటర్ల నుంచి వచ్చినోడు దాటడం వేరు.

అక్క: అట్లైతే యాలు నది దాటిన చైనావాడు ఎవరు? నవంబర్ నుంచి చైనా, కొరియా గుర్తులేసుకుని మిగ్-15లు నడిపిన సోవియట్ పైలట్లు ఎవరు? చైనా బలగాలు ఉత్తరంలో 1958 దాకా ఉన్నాయి.

చిన్నాయన: చైనాకు అది ఇంటి గుమ్మం. మంచూరియా కర్మాగారాలు, యాలు నది మీది కరెంటు, అన్నీ అక్కడే. గుమ్మం ముందు పరాయి సైన్యం నిలబడితే ఎవడైనా కర్ర పట్టుకుంటాడు.

అక్క: జపాన్‌కు కొరియా ఎంత దగ్గరో అమెరికా వాళ్ళూ అదే చెప్పారు. గుమ్మం వాదన అందరి దగ్గరా ఉంటుంది.

(నాకు తోచింది రాస్తాను. జూన్ జోక్యాన్నీ అక్టోబర్ జోక్యాన్నీ ఒకే తీర్పు కింద వెయ్యాలని ఇద్దరూ పట్టుబట్టడం వల్లే ఇద్దరికీ చిక్కొచ్చింది. దాడిని ఆపడానికి వెళ్ళడం ఒక పని. వెళ్ళాం కదాని దేశాన్ని మన చేత్తో కలిపేద్దామనుకోవడం ఇంకో పని. బెనెగళ్ రావు ఓటునూ పణిక్కర్ హెచ్చరికనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఏడాది మన విదేశాంగ శాఖకు ఈ తేడా బాగానే తెలుసు. ఈ మాట అంటే ఇద్దరూ నా మీద పడ్డారు.)

చిన్నాయన: నీ తమ్ముడు లెక్చరర్ ఉద్యోగానికి పనికొస్తాడు, ఏ పక్కా తేల్చడు. అదట్లుంచు. ఆ ముప్పై నాలుగు నెలల్లో ఏం చేసినారో చెప్పనీ. 6 లక్షల 35 వేల టన్నుల బాంబులు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ అంతటా వేసినదాని కంటే ఎక్కువ. అందులో 32 వేల టన్నులు నాపామ్. ప్యాంగ్యాంగ్‌లో నిలబడిన గోడ లేదు. ఊళ్ళు అయిపోయినాక, 1953 మేలో ఆనకట్టలు కొట్టినారు, నాట్లేసిన వరిమళ్ళు కొట్టుకుపోవాలని. టోక్సాన్ ఆనకట్ట నీళ్ళు ఇరవై మైళ్ళకు మించి పారినాయి. ఈరోజు ఉత్తరం ఎందుకు మొండిగా, పిచ్చిగా ఉందని అడుగుతారే, మూడేళ్ళు నేల కింద బతికిన దేశం అది.

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. అయితే వియత్నాం మీద ఇంకా ఎక్కువ పడ్డాయి. అక్కడ తాత, కొడుకు, మనవడు వరసగా గద్దె ఎక్కలేదు. బాంబులు కిమ్ వంశానికి సాకు ఇచ్చాయి, రాజ్యం ఇవ్వలేదు. దక్షిణం చూడు...

చిన్నాయన: దక్షిణంలో 1961లో పార్క్ చుంగ్ హీ సైన్యంతో ఎక్కినాడు. 1980 మేలో క్వాంగ్జులో విద్యార్థులను సైన్యం చంపింది. 1972 నుంచి 1987 దాకా అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోనిచ్చినారా? 60ల్లో తిండీ, కరెంటూ ఉత్తరంలోనే మెరుగు. అమెరికా రక్షించింది ప్రజాస్వామ్యాన్ని అనొద్దు.

అక్క: అనను. ప్రజాస్వామ్యం తెచ్చింది క్వాంగ్జులో చచ్చిన పిల్లలు, 87 జూన్‌లో వీధుల్లోకొచ్చిన ఆఫీసు గుమాస్తాలు. అమెరికా సైన్యం అప్పుడు సాయం రాలేదు. నా మాట ఇంతే. 1950లో పుసాన్ చుట్టూ రక్షణ గీత నిలవకపోయుంటే, ఆ వీధే ఉండేది కాదు. నా దగ్గర పనిచేసే ఒకాయన వాళ్ళ నాన్న ఉత్తరంవాడు. 1983లో టీవీలో విడిపోయిన కుటుంబాల కార్యక్రమం 138 రోజులు నడిచింది కదా, పదివేలకు పైగా కుటుంబాలు అందులో కలిశాయి. వాళ్ళ నాన్న రోజూ సియోల్‌లో ఆ టీవీ భవనం గోడ మీద తన తమ్ముడి పేరు రాసిన అట్ట అతికించి వచ్చేవాడట. వానకు తడిస్తే మళ్ళీ రాసి అతికించేవాడట. తమ్ముడు దొరకలేదు, ఉత్తరంలోనే మిగిలిపోయుంటాడు. అట్ట అతికించడానికి గోడ ఒకటి దక్షిణంలో ఉంది.

చిన్నాయన: ఆ తమ్ముణ్ణి అటు వదిలేసింది కూడా గీతే.

అక్క: గీతే. చివరికి యుద్ధం ఎందుకు సాగిందో గుర్తుందా? 1951 జులైలో చర్చలు మొదలయ్యాయి. సంధి రేఖ మీద నవంబర్ కల్లా ఒప్పందం కుదిరింది. మిగిలింది ఖైదీల సంగతి. మా వాళ్ళందరినీ పంపండి అని చైనా, ఉత్తరం. పోనన్నవాణ్ణి పంపం అని అమెరికా. ఆ ఒక్కదాని మీద ఏడాదిన్నర లాగారు. 22 వేలకు పైగా ఖైదీలు మేం ఇంటికి పోమన్నారు. అందులో 14 వేల పైచిలుకు చైనావాళ్ళు. విప్లవం గెలిచిన దేశానికి పోము అన్నారు!

చిన్నాయన: గోజే దీవి క్యాంపుల్లో వాళ్ళ ఒంటి మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చబొట్లు పొడిచినారు తెలుసా? ఆ చర్మంతో చైనాలో దిగితే ఏమైతుందో వాళ్ళకు తెలుసు. చాంగ్ కై షేక్ మనుషులు క్యాంపుల్లో దొరతనం చేసినారు. పోతానన్నోణ్ణి రాత్రి తన్నినారు. అది ఇష్టపడి ఉండిపోవడమా?

అక్క: కొందరిది బలవంతం, ఒప్పుకున్నా. కమ్యూనిస్టు ఖైదీలు కూడా తక్కువ తినలేదు, 1952 మేలో క్యాంపు అధికారి జనరల్ డాడ్‌నే పట్టి కూర్చోబెట్టుకున్నారు. అందుకే ఖైదీల మనసు అడిగే పనికి మన జనరల్ తిమ్మయ్యను పిలిచారు. మన సైనికులు సుమారు ఆరువేల మంది వెళ్ళారు. మా నేల మీద భారతీయుల కాలు పడనివ్వనన్నాడు రీ. ఇంచాన్ ఓడల నుంచి మనవాళ్ళను హెలికాప్టర్లలో నిస్సైనిక మండలానికి చేర్చారు. హింద్‌నగర్ అని పేరు పెట్టుకుని అక్కడ గుడారాలేశారు. ఒక్కో ఖైదీని గుడారంలో కూర్చోబెట్టి, వాడి సొంత దేశం ప్రతినిధి ఇంటికి రా నాయనా అని చెప్పాలి. దుబాసీలు పక్కన ఉండాలి. ఆ పని చేసినవాళ్ళను తలుచుకుంటే నాకు చెమటలు పడతాయి. ఖైదీ అరుస్తాడు, ఉమ్ముతాడు, కుర్చీ ఎత్తుతాడు, అదంతా అనువాదం చెయ్యాలి. గుడారానికి రెండు తలుపులు. ఒకటి ఇంటికి, ఒకటి మళ్ళీ క్యాంపుకు. ఇంటి తలుపులోంచి పోయినవాళ్ళు కొన్ని వందల మందే. ఇంకో 88 మంది ఆ రెండూ వద్దు, ఏ పక్కా లేని దేశమేదైనా చూపించండి అన్నారు. వాళ్ళను 1954 ఫిబ్రవరిలో ఓడలో మద్రాసుకు తెచ్చారు. చాలామంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్ళిపోయారు. వాళ్ళ మీద చోయ్ ఇన్ హున్ 1960లో నవల రాశాడు. అందులో హీరో మనదేశానికి వస్తూ దారిలో సముద్రంలో దూకేస్తాడు.

చిన్నాయన: తిమ్మయ్య ఏం చేసినాడు చివరికి? ఖైదీల సంగతి తేల్చాల్సిన రాజకీయ సమావేశం గడువులోగా జరగనే లేదు. ఎవరు పట్టుకొచ్చినారో వాళ్ళకే జనవరిలో అప్పజెప్పినాడు. జెనీవాలో ఏప్రిల్‌లో కూర్చుని జూన్ 15న చేతులు దులుపుకున్నారు. కొరియా మీద చర్చలో భారత్‌కు కుర్చీ కూడా వెయ్యలేదు.

అక్క: నిన్నొకటి అడుగుతా. నువ్వు ఉత్తరం సైన్యంలో రైతు బిడ్డవి, 53 చలికాలం, ఆ గుడారంలో కూర్చున్నావు. ఏ తలుపు?

చిన్నాయన: భూమి యాడుందో ఆ తలుపు. మూడెకరాలు నా పేరు మీద ఉంటే నాకు ఇంకేం కావాల?

అక్క: ఆ మూడెకరాలను 1958 కల్లా సహకార క్షేత్రంలో కలిపేశారు చిన్నాయనా. పట్టా పోయింది.

చిన్నాయన: 53లో ఆ గుడారంలో కూర్చున్నోనికి అది తెలీదు కదా పాపా.